మిస్సమ్మ మాట

బండి ఊళ్లోకి వచ్చేసరికి దుబాసి యోహానుకు ఒళ్లు కాలిపోతున్నది. మిస్సమ్మ ఇంగ్లీషులో అన్నది తెలుగులో చెప్పడానికి వచ్చిన మనిషి అతడే. చలిజ్వరంతో పళ్లు టకటక కొట్టుకుంటుంటే, అదే బండిలో పాలమూరుకు తిరిగి పంపేశారు.

మిస్సమ్మ ఒక్కతే మిగిలింది. ఇరవైమూడేండ్ల పిల్ల. ఓడ దిగి నెల కాలేదు. ఈ ఊళ్లో వారం రోజులు సేవ చేసి రమ్మని మిషను దవాఖాన వాళ్లు మందుల పెట్టెతో పంపారు. తెలుగులో ఆమెకు వచ్చింది 'దండాలు' అన్న ఒక్క మాటే.

మాదిగవాడ అంతా ఆమె చుట్టూ మూగింది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు ఈదమ్మ జనాన్ని తోసుకొని ముందుకొచ్చింది.

"నేను చెప్త," అన్నది.

ఎవరూ కాదనలేదు. ఈదమ్మ ఆరేండ్లు పాలమూరు మిషను దవాఖానలో పనిచేసి, మొగుడు పోయాక వాడకు తిరిగొచ్చిన మనిషి.

ఆ ఏడు ఎండలకు వాడలో సగం మందికి నారికురుపులు లేచాయి. దిగుడుబావి మురికి నీళ్లు తాగితే వచ్చే రోగం అది. ఊరి మంచినీళ్ల బావిని వాడవాళ్లను ముట్టనియ్యరు. కాలిలోంచి తెల్లటి దారంలా పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. నడుమ తెగిందంటే కాలు చీము పట్టిపోతుంది.

ఆ కాళ్లతోనే దొర గడికి వెట్టికి పోవాలి. ఈదమ్మ నాయిన అట్లాగే పోయాడు. దొర పెట్టె నెత్తిన పెట్టుకొని మూడు కోసులు నడిచాడు. పురుగు తెగింది. పదోనాడు పాడె కట్టారు.

మిస్సమ్మ నేల మీద కూచుని ఒక్కొక్కరి కాలు ఒళ్లో పెట్టుకొని కడిగింది. వాడలోవాళ్లు సిగ్గుతో కాళ్లు వెనక్కి గుంజుకున్నారు. ఆ కాళ్లను ముట్టుకున్న పరాయి మనిషి అంతకు ముందు లేదు.

రెండోనాడు గడి నుంచి దొర జీతగాడు మారయ్య వచ్చాడు.

"జానయ్యా, లేవురా! దొర షాద్‌నగర్ పోతాండు. సామాను మొయ్యాలె."

జానయ్య మోకాలి కింద పురుగు అప్పుడే సగం బయటికొచ్చింది. భయంతో లేవబోయాడు. మిస్సమ్మ అతని భుజం పట్టి కూచోబెట్టి ఏదో అన్నది.

ఈదమ్మ లేచి నిలబడింది.

"ఆమె కట్టు కట్టిన కాలు ఆమె జిమ్మనట, ఆమెదే పూచీనట. పురుగు వచ్చేదాక జానయ్య యాడికీ రాడట. పోయి దొరకు చెప్పుమంటాంది."

మారయ్య ఒక్కడే గడికి తిరిగిపోయాడు. కాదన్న మాట ఆ వాడలో అతడెన్నడూ విని ఎరగడు.

నాలుగోనాడు దొరే గుర్రం మీద వచ్చాడు. వాడంతా లేచి చేతులు కట్టుకున్నది.

"గీమెను ఎవరు రమ్మన్నరు? నా మనుషులను నాకు కాకుండ చేస్తాందా? అడుగు!"

ఈదమ్మ వంగి మిస్సమ్మ చెవిలో ఏదో చెప్పింది. మిస్సమ్మ చేతులు తుడుచుకొని లేచింది. ముఖం ఎర్రబడింది. దిగుడుబావి వైపు వేలు చూపించి చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటాంది?" అన్నాడు దొర.

ఈదమ్మ కొంగు నడుముకు చెక్కుకున్నది. తల ఎత్తి దొర ముఖంలోకి చూడటం ఆమెకు అదే మొదలు.

"నేనంటలేను దొరా, మిస్సమ్మ అంటాంది. గీళ్లు మీ మనుషులైతే గీళ్లు తాగే నీళ్లు గట్లెందుకున్నయని అడుగుతాంది. కురుపులున్నోళ్లను వెట్టికి గుంజుకపోతే హైదరాబాదుల ఇంగ్లీషోళ్ల రెసిడెంటు సాబుకు కాయితం రాస్తదట. అందరి పేర్లు రాసుకున్నదట. మీ పేరు సుత."

దొర గుర్రం దిగి, కొరడా ఎత్తి జానయ్య మీదికి పోయాడు. మిస్సమ్మ అడ్డం వచ్చి నిలబడింది. కదలలేదు.

కొరడా గాలిలోనే ఆగిపోయింది. తెల్లమనిషి మీద దెబ్బ పడితే ఏమవుతుందో నైజాం రాజ్యంలో దొరలందరికీ తెలుసు. దొర గుర్రమెక్కి గడి వైపు తిరిగాడు.

ఆరోనాడు మారయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి చెప్పులు దూరంగా విడిచి వచ్చాడు.

"ఈదమ్మా, రెసిడెంటు సాబుకు రాయొద్దని జర చెప్పు తల్లీ."

ఈదమ్మ మిస్సమ్మ దగ్గరికి పోయింది. మిస్సమ్మ నవ్వి రెండు మాటలన్నది.

"రాయదట," అన్నది ఈదమ్మ తిరిగొచ్చి. "కని మంచినీళ్ల బాయి మీద మాకొక గిరక పెట్టాల్నట. మా నీళ్లు మేమే చేదుకోవాల్నట. పుండు మానేదాక ఎవ్వల్నీ వెట్టికి పిలవొద్దట."

మర్నాడు పొద్దున్నే బావి మీద గిరక వెలిసింది. జానయ్య పెండ్లాం సుక్కమ్మ మొదటి చేద వేసింది. తాడు విడవలేదు. కడవ నిండేదాకా లాగింది.

ఆ మధ్యాహ్నం పాలమూరు నుంచి బండి వచ్చింది. మిస్సమ్మ ఈదమ్మ రెండు చేతులూ పట్టుకొని, కళ్ల నీళ్లు పెట్టుకొని ఏదేదో చెప్పింది. ఈదమ్మ కూడా ఏడ్చింది. తల ఊపుతూ నిలబడింది.

బండి గుట్ట దాటింది. సుక్కమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"అక్కా, పోయేటప్పుడు మిస్సమ్మ గంతసేపు ఏం చెప్పిందే?"

ఈదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

"నాకేమెరుక చెల్లె, నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు."