మూడో లైను చివర

"సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చేయండి అల్లుడుగారూ," అన్నాడు రంగుల కంపెనీ యజమాని. కోపం పెరిగేకొద్దీ ఆయన మర్యాద మెట్లెక్కుతుంది.

"నేను పంపలేదు మామయ్యగారూ."

"నువ్వు పంపకపోతే కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా బావా?" అన్నాడు యజమాని కొడుకు.

కంపెనీ కొత్తగా తయారు చేసిన రంగు ఫార్ములా పోటీ కంపెనీ చేతికి చేరింది. చేరిన టెక్స్ట్ ఫైలును అక్కడి ఉద్యోగి ఒకడు గుట్టుగా యజమానికే తిరిగి పంపాడు. పనివాళ్ళ మధ్య పరువు పోకుండా దొంగను తేల్చమని పిలిపించిన కంప్యూటర్ నిపుణురాలు పొద్దుటి నుంచీ ఆ ఫైలునే చూస్తోంది.

"ఆయన వెళ్తే నేనూ వెళ్తాను నాన్నా," అంది గుమ్మంలో నిలబడ్డ కూతురు.

యజమాని అటు చూడలేదు. "తేలిందా అమ్మా?" అన్నాడు నిపుణురాలితో.

"ఎంటర్ నొక్కినప్పుడల్లా లైను చివర కంటికి కనబడని గుర్తు పడుతుందండీ. విండోస్ కంప్యూటర్లో రెండు పడతాయి. లినక్స్ కంప్యూటర్లో ఒకటే."

"రెండెందుకు?"

"టైపు మిషన్ నాటి అలవాటు. కాగితం ఉన్న బండిని వెనక్కి లాగడానికొకటి, కాగితాన్ని జరపడానికొకటి."

"ఇక్కడ విండోస్ వాడేది బావ ఒక్కడే," అన్నాడు కొడుకు. "మిగతా అందరిదీ లినక్స్. చేతిలో వెన్న పెట్టుకుని నేతికి వెతకడం దేనికి?"

"మీ బావగారి మిషనూ చూశాను. ఆయన ఫైళ్ళు వట్టి కలగూరగంప. సొంతంగా రాసినవి కొన్ని, మీ అందరి ఫైళ్ళూ తెచ్చి అతికించినవి కొన్ని. కొన్ని లైన్ల చివర ఒక గుర్తు, కొన్నిటి చివర రెండు కలిసిపోయి ఉంటాయి."

"ఆయన బీరువా కూడా అంతే," అంది కూతురు.

"ఈ ఫైలు మాత్రం ముగ్గు వేసినంత పొందిగ్గా ఉంది. లైనుకు రెండేసి గుర్తులు," అంది నిపుణురాలు. "మూడో లైను తప్ప. త్వరగా ఆరడానికి కలిపే మందు పేరుందే, ఆ లైను. దాని చివర ఒకటే ఉంది."

అల్లుడు తలెత్తాడు.

"ఒకటా?" అన్నాడు కొడుకు. "కుదరదు."

"ఎందుకు కుదరదు?" ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"అన్నీ రెండుగా మార్చాక పైనుంచి కిందిదాకా ప్రతి లైనూ చూశా..."

యజమాని కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఏం మార్చావురా?"

కొడుకు తండ్రిని చూడలేక బావ వైపు తిరిగాడు. "నువ్వొచ్చాక ఈ ఆఫీసులో నా మాట వినేవాళ్ళు లేరు. నువ్వు పోతే చాలనుకున్నాను."

యజమాని ఒక కుర్చీ ముందుకు లాగాడు. "కూర్చో నాయనా," అన్నాడు అల్లుడితో. మర్యాద మెట్లన్నీ దిగి వచ్చింది.

నిపుణురాలు సంచీ సర్దుకుని బయటికి నడిచింది. అల్లుడు మెట్ల దగ్గర ఆమెను అందుకున్నాడు.

"మేడం, నన్ను గట్టెక్కించిన ఆ లైను ఒక్కసారి చూపించరా?"

ఆమె లాప్‌టాప్ తెరిచి, కనబడని గుర్తులన్నీ కనబడేలా చేసి, అతని వైపు తిప్పింది.

మూడో లైను చివర కూడా రెండే ఉన్నాయి.