శుక్రవారం పరిశోధన

తైస్తో లోపలికి వచ్చి తలుపు వేశాడు. చేతిలో ఫైలు ఉంది. తెరవలేదు.

"కూర్చో. ఏమిటా మొహం? ఎవరైనా పోయారా?" అంది ఇర్మెలి నవ్వుతూ.

ఉత్తర ఫిన్లాండ్‌లోని ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆమె అధిపతి. పుస్తకాలు సర్దేవాళ్లు కూడా పరిశోధన చేయగలరని పైవాళ్లతో మూడేళ్లు పోట్లాడిన మనిషి. "ప్రొఫెసర్లకు పుస్తకాలు అందించడమేనా మన బతుకు? మన పనిలో మనకు కనిపించేవి వాళ్లకు కనిపిస్తాయా?" అని వాదించింది. చివరికి నెగ్గింది. అప్పట్నుంచి శుక్రవారం మధ్యాహ్నాలు సిబ్బందివి. ఎవరి ప్రశ్న వాళ్లది. కౌంటర్లో కూర్చునే మార్కెత్తా, పరీక్షలకు ఏ పుస్తకాలు ఎన్ని కావాలో నెల ముందే లెక్కగట్టే పద్ధతి కనిపెట్టింది. పక్క ఊళ్లవాళ్లు కూడా ఇప్పుడు అదే వాడుతున్నారు.

తైస్తో, ఇర్మెలి ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఇరవై ఆరేళ్ల స్నేహం. అతను ఎంచుకున్న ప్రశ్న: కేటలాగులో తప్పులు ఎలా పుడతాయి?

"చూపించు మరి. మొదటిసారి కదా అని బెదిరిపోకు. నేనేం పరీక్ష పెట్టను."

అతను ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. పుస్తకాల వివరాలు ఎక్కించే ఐదుగురి తప్పులు, నెలవారీగా గీసిన గ్రాఫు. పేర్లు లేవు, వాటికి బదులు ఒక్కో అక్షరమే. ఎవరి పరువూ పోకూడదని ఆ నియమం పెట్టింది ఇర్మెలే. నాలుగు గీతలు అడుగునే పాకుతున్నాయి. ఐదోది మాత్రం పోయిన సెప్టెంబరు నుంచి నిటారుగా లేచింది.

"భలే! ఇంత స్పష్టంగా తేలిందా? మే నెల సదస్సులో నువ్వు దీన్ని చదవాల్సిందే."

"చదవను."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని కింద రాసినవి చూసింది. ఒకే పుస్తకం మూడుసార్లు ఎక్కింది. రచయిత పేరు ఉండాల్సిన చోట ఊరి పేరు. సగం రాసి వదిలేసినవి పదకొండు. ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇది అజాగ్రత్త కాదు తైస్తో. ఈ మనిషికి ఒంట్లో బాగాలేదు. మా అమ్మకి మతిమరుపు ఇలాగే మొదలైంది. ఎవరు?"

"పేరు చెప్పకూడదని నియమం ఉందిగా."

"నియమం పరువు కోసం పెట్టాను, మనిషిని గాలికి వదిలేయడానికి కాదు. ఎవరైనా సరే, ఉద్యోగం పోనివ్వను. చెప్పు."

తైస్తో మంచినీళ్ల గ్లాసు ఆమెకు దగ్గరగా పెట్టాడు. కిటికీలోంచి మంచు తోసే బండిని చూశాడు.

"గురువారాలు, విరాళంగా వచ్చిన పాత పుస్తకాలు ఎక్కించేది ఎవరు ఇర్మెలీ?"

ఆమె వేలు ఐదో గీత మీద ఆగింది. అధిపతి అయ్యాక కూడా ఆ ఒక్క పనీ ఆమె ఎవరికీ వదల్లేదు. ఆ పుస్తకాల వాసనంటే ఆమెకు ప్రాణం.

"నేనా," అంది.

అతను తల దించుకున్నాడు. "వద్దనుకుంటే ఈ కాగితాలు చింపేస్తాను. ఎవరికీ తెలియదు."

"చింపావంటే మళ్లీ నీతో మాట్లాడను." ఆమె కాగితాన్ని తిరిగి అతని వైపు జరిపింది. "ఉన్నది ఉన్నట్టు రాయి. నా గీత చెరపకు. మనవాళ్లకు పరిశోధన ఏం చేతనవుతుందన్నారే, వాళ్లకి ఇదే జవాబు. డాక్టరు కంటే ముందు నువ్వు పట్టుకున్నావు."

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వబోయింది.

"సోమవారం వెళ్లి చూపించుకుంటాను. నువ్వేం రానక్కర్లేదు."

"వస్తాను. ఈసారి నేనే తీసుకెళ్తాను. తొమ్మిదింటికి రమ్మన్నారు."

"అప్పుడే డాక్టర్ని కూడా అడిగేశావా? అబ్బో, ఎంత ముందుచూపు!"

తైస్తో కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టాడు.

ఇదే గదిలో ఈ సంగతి అతను ఆమెకు చెప్పడం, ఆమె ఇలాగే విని ఇదే జవాబివ్వడం, వరసగా ఇది మూడో శుక్రవారం.