కాపర్ టీ

"ఒలే రత్నం! రాగి సెంబులో టీ మరగెడతన్నావేటే? వాంతులవుతాయి!"

అత్త జోగమ్మ అరుపుకి రత్నం బొగ్గుల పొయ్యి దగ్గర ఉలిక్కిపడింది.

"ఇందీ రేడియోలో సెప్పారత్తా. కాపర్ అంటే రాగే కదా. కాపర్ టీ లగావ్, పిల్లలు పుట్టరంట."

"లగావ్ అంటే ఏటి?"

"మీ అబ్బాయి డ్యూటీ నుంచొచ్చి ఖానా లగావ్ అంటాడు కదా. వడ్డించమని."

ఎదురుగా గోల్‌మురి బస్తీ పంపు దగ్గర బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"నా మొగుడు సారా మానీసే టీ ఉందేమో అడగవే!" అంది తవిటమ్మ.

రత్నం నవ్వలేదు. నాలుగో కాన్పుకే చావు తప్పింది. ఇంకోటయితే బతకవని డాక్టరమ్మ చెప్పింది.

పంపు కింద దోసిలి పట్టిన ఒక కొత్త మనిషి ఇటు తిరిగింది.

"అది తాగే టీ కాదమ్మా. ఇంగ్లీషు అక్షరం. ఆ ఆకారంలో చిన్న రాగి తీగ ఉంటుంది. ఆస్పత్రిలో గర్భసంచిలో పెడతారు. కావాలంటే మళ్ళీ తీసేస్తారు. నాతో రా, దగ్గరుండి పెట్టిస్తాను."

రత్నం చెంబు దించి లేచింది.

జోగమ్మ అడ్డం నిలబడింది.

"ఎవుతివే నువ్వు? ఎమర్జెన్సీ పోయి ఎన్నాళ్ళయిందని, మళ్ళీ ఆపరేషన్ల ఏజెంట్లు బయలెల్లారా? ఎన్ని కడుపులు మాడిత్తే నీ కడుపు నిండుతాది?"

"అది కాదమ్మా, నేను..."

"సల్, నికల్!"

దోసిట్లో నీళ్ళు వదిలేసి ఆమె వెళ్ళిపోయింది.

ఆ తర్వాతా రేడియో కాపర్ టీ మాటే చెబుతూ వచ్చింది. ఇప్పుడు రత్నానికి అర్థమవుతోంది. కానీ జోగమ్మ గడప దాటనివ్వలేదు.

ఏడాది తిరిగేలోగా రత్నానికి మళ్ళీ నొప్పులొచ్చాయి.

"ఆస్పత్రికి తీసుకుపోదామే అమ్మా," అన్నాడు రత్నం భర్త అసిరయ్య.

"వద్దు. కాన్పయ్యాక మళ్ళీ పిల్లలు పుట్టకుండా కత్తెరేసీత్తారు. గోవింద్‌పూర్‌లో మన తెలుగు మంత్రసాని ఉందంట, మార్తమ్మ. సెయ్యి మంచిదంట. కాన్పులే ఆవిడకి కూడు. బేగి ఎల్లి తీసుకురా."

అసిరయ్య సైకిలు తిరిగొచ్చేసరికి లోపల బిడ్డ ఏడుస్తోంది. రత్నం మూలుగు వినపడటం లేదు.

మార్తమ్మ సైకిలు క్యారియర్ మీంచి దూకి లోపలికి పరుగెత్తింది. రత్నం ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత తల ఎత్తింది.

పంపు దగ్గర నుంచి తాను తరిమేసిన మనిషిని జోగమ్మ గుర్తుపట్టింది.