చివరి ఆయకట్టు నుంచి వచ్చిన మనిషి

కాలువ కట్ట మీద ఎవరో కొత్త ఆడమనిషి వంగి మట్టిని తడిమి చూస్తోందని తెలిసి వీరేశం పరుగున వచ్చాడు.

అతని వరి పొట్ట మీదుంది. ఇప్పుడు నీళ్లు తగ్గితే గింజ పాలు పోసుకోదు, కష్టమంతా పశువుల మేతకే.

అందుకే నడిగూడెంలో ఆ రోజుల్లో కాలువ దగ్గర కొత్తముఖం కనబడితే చాలు, అతనికి అనుమానం.

ఆమె పేరు సత్యవతి. కాలువ చిట్టచివర, ఆంధ్రాలో ఉన్న ఊరి నుంచి కోదాడ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వచ్చింది.

కట్ట బయటివైపు నీళ్లు ఊరుతున్న చోటు చూపించింది.

"ఇది తెగితే మీ పైర్లు మునుగుతాయి, మావి ఎండుతాయి తమ్ముడూ. మట్టి మా ట్రాక్టర్లతో తోలుకొస్తాం. మనుషుల్ని మీరు పెట్టండి. కలిసి గట్టి చేసుకుందాం."

వీరేశం నవ్వాడు. మట్టి పేరుతో ట్రాక్టర్లు వస్తాయి, వాటి వెనక జనం వస్తారు, ఆ వెనక షట్టర్లు లేచి నీళ్లన్నీ కిందికి, ఆంధ్రాకు పోతాయి. ఈ ఎత్తులు అతనికి తెలియనివా? మగవాళ్లనైతే తన్ని పంపుతారని ఆడమనిషిని పంపారు, తెలివైనవాళ్లే.

"నీ పొలం పారిచ్చుకునేటందుకు గింత దూరం వచ్చినవా అమ్మా? మా కట్ట మేం సూసుకుంటం. నువ్వు పో."

ఆమె తన పొలం మాట ఎత్తలేదు. కనీసం కొన్ని ఇసుక బస్తాలైనా వేయించమని బతిమాలింది. ఆమెను ఆటో ఎక్కించేదాకా అతను ఊరుకోలేదు.

బస్తాలు వేయించలేదు. ఆంధ్రా ఆమె చెప్పిందని వేయిస్తే ఊళ్లో తన మాటకు విలువేం ఉంటుంది?

వారం తిరగకముందే సరిగ్గా అక్కడే కట్ట తెగింది. వీరేశం వరి మీద ఇసుక మేట వేసింది.

ఒడ్డున కూర్చుని ఏడ్చాడు. పైరు పోయినందుకన్నా, చెప్పిన మాట విననందుకే ఎక్కువ ఏడ్చాడు.

మర్నాడు పొద్దున ఆంధ్రా వైపు నుంచి మట్టి ట్రాక్టర్లు వచ్చాయి. ఎవరూ పిలవలేదు.

వీరేశం ఒక్కొక్క ట్రాక్టరు దగ్గరికీ వెళ్లి వెతికాడు. ఆమె కాళ్లు పట్టుకోవాలనుకున్నాడు. ఆమె రాలేదు.

అన్నిటికన్నా ముందున్న ట్రాక్టరు నడుపుతున్న పవన్ అనే కుర్రాణ్ని అడిగాడు. నడిగూడెం వాళ్లు పిలిచినా పిలవకపోయినా, కట్టకు ఏమైనా అయితే వెళ్లాలని ఇంటింటికీ తిరిగి అందర్నీ ఒప్పించింది ఆవిడేనన్నాడు అతను. మొన్ననే బెజవాడలో వంటపనికి వెళ్లిపోయిందట.

"పైరు నడుమ ఇడిసిపెట్టి పోయిందా? మరి ఆమె పొలం ఎవరు సూస్తున్నరు?"

పవన్ ట్రాక్టరు దిగాడు.

"ఆవిడకి పొలమెక్కడిదండీ? నిరుడు మా దాకా నీళ్లు రాక పైరు ఎండిపోతే, ఉన్న రెండెకరాలూ అమ్మేసుకుంది."