పది నిమిషాలకో చరణం

"అది ప్రార్థన చేసే చోటా, కసరత్తు చేసే చోటా?" ఫీలిపో తెల్ల చొక్కా విప్పి దండెం మీద పడేశాడు. "ఊరికే లేపడం, ఒక చరణం పాడించడం, కూర్చోబెట్టడం. పది నిమిషాలకోసారి ఇదే గోల. కొత్త పాస్టరుకి బుర్ర లేదు."

చాప మీద పడుకున్న అతని భార్య తెలేసియా తల ఎత్తింది. "ఎన్ని నిమిషాలకి?"

"పది. చెవుడు కూడా వచ్చిందా నీకు?"

ఆవిడ గోడకేసి చూసింది. కిందటి నెల నర్సు రాసిచ్చిన కాగితం అక్కడే అంటించి ఉంది. ఆరేళ్ళ నడుంనొప్పి. పది నిమిషాలు కూర్చో, లేచి కదులు, నొప్పి వచ్చాక కాదు, రాకముందే లే, బాగుంది కదా అని ఎక్కువసేపు కూర్చోకు, పది అలవాటయ్యాక పదకొండు అని నర్సు మరీ మరీ చెప్పింది. ఇంట్లో బాగానే సాగుతోంది. చర్చిలో ఎలా? సవాయీ దీవిలో, ఊరంతా కూర్చుని వాక్యం వింటుంటే ఒక్కతే లేచి నిలబడుతుందా! అందుకే పాటలు పాడేవాళ్ళ వరసలో ఆరేళ్ళుగా ఆవిడ చోటు ఖాళీ.

"వచ్చే ఆదివారం నేనూ వస్తా."

"వద్దే. నడుం పట్టేస్తే మోసుకురావాలి. నీ బరువు నీకు తెలుసా?"

"అంత మాటన్నావుగా, వచ్చి తీరతా."

వెళ్ళింది. అందరితో లేచింది, అందరితో కూర్చుంది. నొప్పి ఉంది. ఉండగానే పాడింది. నాలుగో వారానికి పక్కింటి మేలే నవ్వుతూ చెవులు మూసుకుంది. "మెల్లిగా పాడవే తల్లీ, చర్చి రేకులు లేచిపోతే వేయించేదెవరు?"

ఊళ్ళో మాత్రం సణుగుడు ఆగలేదు. అందరికన్నా ఫీలిపోదే పెద్ద గొంతు.

"ఇక్కడ అరిస్తే ఏం లాభం? వెళ్ళి పాస్టరుగారికి చెప్పు. ఆపించుకునే రా" అంది మేలే.

తెలేసియా గరిటె ఎత్తింది. "ఆపించావో, నేను మళ్ళీ చాప మీదే. నీ టారో దుంపలు నువ్వే ఉడకేసుకో."

"ఊరి మాట నేను కాదంటానా?" అని ఫీలిపో గబగబా నడిచాడు.

పాస్టరుగారింట్లోకి వెళ్ళగానే తనే తలుపు మూశాడు. కిటికీ కూడా మూశాడు. గొంతు తగ్గించాడు.

"పది అలవాటైంది. ఇక పదకొండు చెయ్యండి, అయ్యగారూ."