మందు పెట్టిన పన్ను

"నీ మందే పన్నును గుల్ల చేసిందని రాసియ్యి డాక్టరమ్మా! ఒక్క కాగితం. అంతే నేనడిగేది."

కుర్చీ చూపించినా రామలక్ష్మమ్మ కూర్చోలేదు. ఎర్రగుంట్లలోని ఆ చిన్న పళ్ల ఆసుపత్రిలో ఆమె గొంతు బయటి వరండా దాకా వినిపిస్తోంది.

"మా సుధీరును పొద్దున్నుంచి స్టేషన్లో కూర్చోబెట్టినారు. పన్ను విరిగితే పెద్ద కేసంట, జైలంట! మొగుడూ పెళ్లాలన్నాక ఒక మాట అనుకోరా? యాదో చెయ్యి తగిలింది. ఆ మాత్రానికే హర్షిణి స్టేషన్ మెట్లెక్కాల్నా?"

డాక్టర్ సాజియాకు ఒళ్లు మండింది. నిన్న హర్షిణి ఇదే గదిలో నెత్తుటి గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. "ఈసారి ఊరుకోను మేడం" అని మాత్రం అంది. ఇప్పుడు డాక్టరు ఏం రాసిస్తుందన్న దాని మీదే ఆ పిల్ల కేసు నిలబడాలి.

"చెయ్యి తగిలితే పన్ను విరగదమ్మా."

"విరుగుతాది! వేరు లోపల నువ్వు పెట్టే సున్నం మందు పంటిని పెళుసు చేస్తాదంట. ఫోన్లో చూసినాం. కాదంటావా?"

"కాదనను. నెలలకొద్దీ లోపలే వదిలేస్తే పెళుసవుతుంది. నేను పెట్టింది పోయిన వారం. ఇంతలోనే విరిగేంత బలహీనం కాదు."

"కొందరికి అవుతాదేమో! నీకేం తెల్సు?"

"సరే, అట్లే అనుకుందాం. మరి దాని పక్క పన్ను? అదీ విరిగింది. దానికి నేను ఏ మందూ పెట్టలేదే!"

రామలక్ష్మమ్మ తడబడింది. గొంతు తగ్గించింది.

"ఆ పిల్లకు నోరు శానా ఎక్కువమ్మా. కొంచెం సర్దుకోని పోతే ఏం పోతాది? రేపు మళ్లా మొగుని కాడనే బతకాల గదా. నలుగుర్లో మా మొగం యాడ పెట్టుకోవాల?"

సాజియా లేచి నిలబడింది.

"రెండు పళ్లు విరగ్గొట్టినోడు మంచోడు, దెబ్బ తిన్న పిల్లది తప్పా? పరాయి బిడ్డ కాబట్టే మీకు నొప్పి తెలియడం లేదు. మీ కడుపున పుట్టిన కూతురైతే ఇట్లే వచ్చి అడుగుతారా?"

రామలక్ష్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"హర్షిణి నా కూతురేనమ్మా."