కాకుల పట్టా

కాకి గూడంటే నాలుగు పుల్లలేగా అని లోకం నవ్వుతుంటే రోషమొచ్చి, కొన్ని ముదురు కాకులు గిజిగాడు మేష్టారి దగ్గర అల్లిక నేర్చుకున్నాయి. ఇవాళ చివరి తరగతి. మేష్టారికి తొందరగా ఉంది. ఏటి అవతల ఈతచెట్టుకు ఆయన అల్లుకున్న గూడు చూడ్డానికి సాయంత్రం ఆడపిట్ట వస్తోంది. గూడు నచ్చితేనే పెళ్లి.

"సొంత పిల్లల్నీ, కోకిల పిల్లల్నీ సాకి సాకి అలిసిపోయి కూడా బడికొచ్చారు. మీలాంటి శిష్యులు నాకిక దొరకరర్రా!" అంటూ మేష్టారు కళ్లు తుడుచుకుని, తలా ఒక రావి ఆకు పట్టాగా ఇచ్చారు.

"మేం అల్లిన గూడు చూడండి మేష్టారూ!" అంది పెద్దకాకి.

అల్లిక చూసి మేష్టారు మురిసిపోయారు. లోపలికి తొంగిచూస్తే, మట్టిముద్దకు అతికిన మిణుగురు మిణుకుమంటోంది. పెళ్లికూతురి కోసం ఆయన పెట్టుకున్న దీపమది.

"ఈ గడ్డి ఎక్కడిదర్రా?"

"ఈతచెట్టుకు ఖాళీ గూడొకటి వేలాడుతుంటే పీక్కొచ్చాం. మంచి పోగులే ఏరుకోమన్నారుగా!"

"ఒకరి గూడు పీకకూడదర్రా!"

"అలాగా? ఆ పాఠం మీరు చెప్పనేలేదే! పట్టాలు కూడా ఇచ్చేశారాయె!"

ఏటి అవతల ఆడపిట్ట అప్పుడే వచ్చి వాలింది, ఉత్త ఈతమట్ట మీద.